పాత అక్వేరియంలో గులకరాళ్లు తీసేయడం: ఒకేసారా, విడతలుగానా?

మీసాలచేప
అందరికీ నమస్కారం. మా అక్వేరియం పెట్టి ఐదేళ్లయింది. ట్యాంకు పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 45 సెంటీమీటర్లు. అడుగున సుమారు 6 సెంటీమీటర్ల మందాన గులకరాళ్లు ఉన్నాయి. వాటిని పూర్తిగా తీసేసి సన్న ఇసుక వేయాలనుకుంటున్నాను. కోరిడోరస్‌ల కోసమే ఇదంతా. రోజంతా మూతితో అడుగు తవ్వుకుంటూ తిరగాల్సిన చేపలు అవి. రాళ్ల మధ్య మూతి దూరక పైపైన తడుముకుంటున్నాయి. రెండింటి మీసాలు సగానికి అరిగిపోయాయి. వాటితో పాటు నియాన్ టెట్రాల గుంపు ఉంది. ఫిల్టర్ బయట పెట్టే క్యానిస్టర్ రకం.

చేపలను లోపలే ఉంచి రాళ్లు తీయవచ్చా? ఒకేసారి తీస్తే మంచి బాక్టీరియా అంతా పోయి చేపలు చనిపోతాయని ఒకరు, ఏమీ కాదని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఇసుకతిన్నె
నిరభ్యంతరంగా తీయవచ్చు. క్యానిస్టర్ ఫిల్టర్ ఉందన్నారు కాబట్టి బాక్టీరియా గురించి అంత దిగులు అక్కర్లేదు. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాకు అతుక్కోవడానికి గట్టి ఉపరితలం కావాలి, నిరంతరం ఆక్సిజన్ అందాలి. ఈ రెండూ ఫిల్టర్‌లో పుష్కలంగా దొరుకుతాయి. రాళ్ల పై వరసలోనూ ఉంటాయి కానీ లోతుకు వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అవీ తగ్గుతాయి. ట్యాంకులో మోయగలిగినన్ని చేపలే ఉండి ఫిల్టర్ బాగా నడుస్తుంటే, రాళ్లు పోయిన లోటును అది త్వరలోనే పూడ్చుకుంటుంది.

తీసే పద్ధతి మాత్రం ముఖ్యం. చేత్తోనో గిన్నెతోనో తోడితే ప్రతి పిడికిలికీ కింది మురికి లేచి నీళ్లంతా బురదవుతుంది. దానికి బదులు రాయి సులువుగా దూరేంత లావు పైపు తీసుకోండి. ఒక కొస రాళ్లలో గుచ్చి, రెండో కొస కింద బకెట్‌లో పెట్టి సైఫన్ చేయండి. రాళ్లూ, వాటి కింది మురికీ నీటితో కలిసి గలగలమంటూ బకెట్‌లోకి దిగిపోతాయి. ట్యాంకులో మబ్బు దాదాపు కమ్మదు. రాళ్లు పైపులో ఇరుక్కుంటే కొసను కాస్త పైకెత్తి మళ్లీ దించండి, నీటి వేగమే వాటిని లాగేస్తుంది. బకెట్ నిండాక పైపు నొక్కిపట్టి, నీళ్లు తేటపడితే పైనీటిని తిరిగి పోసుకోవచ్చు, లేదా పారబోసి కొత్త నీళ్లు పోయవచ్చు.

గాజుగోడ
ఇసుక ఎందుకండీ? రాళ్లు తీసేశాక అడుగు ఖాళీగా వదిలేయండి. వ్యర్థమంతా కళ్లెదుట కనిపిస్తుంది, నీళ్లు మార్చేటప్పుడు సైఫన్‌తో ఎప్పటికప్పుడు లాగేయవచ్చు. డిస్కస్ చేపలను పెంచేవారిలో, చేపపిల్లలను పుట్టించేవారిలో చాలామంది ఇలాగే పెడతారు. నేనూ ఇప్పుడు అన్ని ట్యాంకులూ ఇలాగే నడుపుతున్నాను.

ఇసుకతిన్నె
గాజుగోడ గారూ, డిస్కస్‌కు బాగుంటుంది, కోరిడోరస్‌కు కాదు. ఇసుకను నోట్లోకి తీసుకుని, తినేది ఉంచుకుని, మిగతాది మొప్పల గుండా వదిలేయడం వాటి స్వభావం. ఖాళీ గాజు మీద ఆ పని చేయలేవు. అసలు ఆ చేపల కోసమే కదా వీరు ఇదంతా తలపెట్టింది.

గాజుగోడ
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే పని మధ్యలో కొన్నాళ్లు అడుగు ఖాళీగా ఉండటం తప్పదు. అప్పుడు ట్యాంకు అడుగు గాజు కింద నల్ల కాగితమో ముదురు రంగు చార్టో బయటివైపు జొప్పించగలిగితే మంచిది. పైనుంచి పడిన వెలుగు గాజు మీద తిరిగి మెరిస్తే చేపలు బెదురుతాయి. కాగితం పెట్టే వీలు లేకపోతే ఆ రోజుల్లో లైటు తగ్గించండి.

పాతనీరు
మీసాలచేప గారూ, రాళ్ల సంగతికి తర్వాత వద్దాం. ముందు కొన్ని అంకెలు కావాలి. ట్యాంకు నీటి పీహెచ్ ఎంత? కుళాయి నీటిది ఎంత? (కుళాయి నీటిని గ్లాసులో రాత్రంతా ఉంచి మర్నాడు కొలవండి, అప్పుడే సరైన లెక్క వస్తుంది.) అమోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంతెంత? కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే క్షారం) కొలిచే కిట్ ఉంటే అదీ చూడండి. నీళ్లు ఎన్నాళ్లకొకసారి, ఎంత మారుస్తున్నారు? ఐదేళ్ల ట్యాంకు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇవి తెలిసేదాకా దయచేసి ఒక్క రాయి కూడా కదపకండి.

ఆకుపచ్చతోట
మొక్కలు ఏమైనా ఉన్నాయా? అందరూ చేపల గురించి, ఫిల్టర్ గురించి మాట్లాడుతున్నారు. ఐదేళ్ల ట్యాంకులో మొక్కల వేళ్లు రాళ్ల కింద వలలా అల్లుకుపోయి ఉంటాయి.

మీసాలచేప
పాతనీరు గారూ, అడిగినవన్నీ కొలిచాను. ట్యాంకు పీహెచ్ 6.2. రాత్రంతా ఉంచిన కుళాయి నీటిది 7.6. అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు, నైట్రైట్ 0, నైట్రేట్ కిట్ చార్టులో 80కి చూపే రంగు కంటే ముదురుగా ఉంది. కేహెచ్ పరీక్షలో మొదటి చుక్కకే రంగు మారిపోయింది. నీళ్లు నెలకొకసారి కొద్దిగా మారుస్తాం, మధ్యలో ఆవిరైనంత పోస్తుంటాం. చేపలు చక్కగా తింటున్నాయి, ఈదుతున్నాయి. అమోనియా 2 ఉంటే ఇంత హాయిగా ఎలా ఉంటాయి? కిట్ పాడైందేమో అనిపిస్తోంది.

ఆకుపచ్చతోట గారూ, క్రిప్టోకొరైన్ దుబ్బులు, అమెజాన్ స్వోర్డ్ ఒకటి, చెక్కకు కట్టిన జావా ఫెర్న్, అనూబియాస్ ఉన్నాయి.

పాతనీరు
కిట్ సరిగానే ఉంది. అంకెలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఇందులో అసలు ప్రమాదం రాళ్లది కాదు, నీటిది. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

బాక్టీరియా అమోనియాను మార్చేటప్పుడు నీటిలోని క్షారాన్ని, అంటే కేహెచ్‌గా మనం కొలిచేదాన్ని, ఖర్చు చేస్తుంది. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానమైన క్షారం హరించుకుపోతుంది. నీళ్లు తరచుగా మారిస్తే కొత్త నీటితో అది మళ్లీ చేరుతుంది. ఆవిరైనంత మాత్రమే పోస్తూ ఏళ్లు గడిపితే కేహెచ్ అడుగంటుతుంది. మొదటి చుక్కకే రంగు మారిందంటే మీ ట్యాంకులో ఇప్పుడు దాదాపు ఏమీ మిగలలేదు. పీహెచ్‌ను నిలబెట్టేది లేక అది జారిపోయింది. పీహెచ్ అంత తగ్గాక ఆ బాక్టీరియా కూడా మందగిస్తుంది, అందుకే అమోనియా 2 దగ్గర పేరుకుంది.

మరి చేపలు ఎందుకు బాగున్నాయి? కిట్ చూపేది మొత్తం అమోనియా. అందులో చేపను చంపేది విడి అమోనియా, అమోనియం రూపంలో ఉన్నది అంత హాని చేయదు. ఏది ఎంత అన్నది పీహెచ్‌ను, ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 6.2 అయితే విడి అమోనియా వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. అదే 7.6కు వెళితే నూటికి రెండు వంతులు దాటుతుంది, 8కి వెళితే నూటికి ఐదు వంతులు.

ఇప్పుడు మీరు తలపెట్టిన పని ఊహించండి. రాళ్లు తీయడానికి సగం నీళ్లు తోడి, 7.6 పీహెచ్ ఉన్న కుళాయి నీళ్లు పోస్తారు. పాత నీటిలో పీహెచ్‌ను పట్టి ఉంచేది ఏమీ లేదు కాబట్టి అది ఒక్కసారిగా కుళాయి నీటి వైపు ఎగబాకుతుంది. మొత్తం అమోనియా సగానికి తగ్గినా అందులో విషపు భాగం పది రెట్లకు పైగా పెరుగుతుంది. దానికి తోడు రాళ్ల కింది నుంచి లేచిన కుళ్లు ఇంకా అమోనియాను కలుపుతుంది. ఆ రాత్రికి చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు అందరూ "రాళ్లు తీస్తే బాక్టీరియా పోయింది" అంటారు. మీకు చెప్పిన ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఇద్దరూ చూడనిది ఇది.

అందుకని ముందు నీటిని దారికి తెచ్చుకోండి. రోజుకు పదోవంతుకు మించకుండా నీళ్లు మార్చండి, క్లోరిన్ విరుగుడు కలిపి, ట్యాంకు నీటితో సమానమైన వెచ్చదనంలో. అమోనియాను కూడా కట్టిపడేసే రకం విరుగుడు వాడితే మరీ మంచిది. సైఫన్ కొసను రాళ్లలో గుచ్చకుండా పైన పేరుకున్న మురికిని మాత్రం లాగండి. మేత సగానికి తగ్గించండి. పీహెచ్ రోజూ కొలవండి. అమోనియా సున్నాకు వచ్చి, కేహెచ్ 3 దగ్గర నిలబడి, పీహెచ్ కుళాయి నీటికి చేరువయ్యాక రాళ్ల జోలికి వెళ్లండి. కొన్ని వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

నీలిమొప్ప
వంట సోడా కాస్త వేస్తే కేహెచ్ వెంటనే పెరుగుతుంది కదా? వారాలు ఎందుకు?

పాతనీరు
పెరుగుతుంది, దానితో పాటే పీహెచ్ కూడా. అమోనియా 2 ఉండగా ఆ పని చేయడం నేను పైన చెప్పిన ప్రమాదాన్ని చేతులారా కొనితెచ్చుకోవడమే. అమోనియా సున్నా అయ్యాక కేహెచ్ ఇంకా తక్కువగా ఉంటే, అప్పుడు పగడపు ముక్కలను చిన్న సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టుకోవచ్చు. అది మెల్లగా కరుగుతుంది, ఎక్కువైందనిపిస్తే తీసేయవచ్చు.

ఇసుకతిన్నె
పాతనీరు గారి మాటకు నా మద్దతు. నేను చెప్పిన పైపు పద్ధతి ఆరోగ్యంగా ఉన్న నీటికి. మీసాలచేప గారూ, తొందరేమీ లేదు, వారు చెప్పినట్టు చేయండి.

మీసాల విషయం ఒకటి చెప్పాలి. కోరిడోరస్ మీసాలు అరగడానికి అందరూ రాళ్ల పదునునే తప్పుపడతారు. చాలా సందర్భాల్లో అడుగున కుళ్లుతున్న మురికి, అందులో పెరిగే బాక్టీరియా, చెడ్డ నీరు కలిసి మీసాలను తినేస్తాయి. మీ అంకెలు చూశాక నాకు ఇక్కడా అదే అనిపిస్తోంది. నీళ్లు బాగుపడితే, మొదలు చెడకుండా ఉన్న మీసాలు మళ్లీ పెరుగుతాయి. రేపు ఇసుక వేశాక దాన్నీ మురికిగా వదిలేస్తే ఇదే కథ మళ్లీ వస్తుంది.

బుడగలగొట్టం
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటి ప్రశ్నే. రాళ్లు తీసేద్దామనుకుంటున్నాను, కానీ నా ట్యాంకులో రాళ్ల కిందే ఫిల్టర్ ఉంది. అడుగంతా పరిచిన చిల్లుల పలక, రెండు మూలల్లో నిలువు గొట్టాలు, వాటిలో ఎయిర్ పంపు బుడగలు. వేరే ఫిల్టర్ లేదు. విడతలుగా, వారానికి పావు వంతు చొప్పున తీస్తే సరిపోతుందా?

ఇసుకతిన్నె
సరిపోదు. మంచి వేళకు అడిగారు. మీ ట్యాంకులో గులకరాళ్లే ఫిల్టర్. నీరు పైనుంచి రాళ్ల సందుల గుండా కిందికి దిగి, పలక కింద చేరి, గొట్టాల ద్వారా పైకి వస్తుంది. బాక్టీరియా అంతా ఆ రాళ్ల మీదే ఉంది. మీరు ఒక మూలన పావు వంతు తీసి పలకను బయటపెట్టగానే నీటికి అడ్డదారి దొరుకుతుంది. రాళ్ల గుండా కష్టపడి దిగే బదులు ఆ ఖాళీ చిల్లుల్లోంచే దిగిపోతుంది. మిగిలిన మూడు వంతుల రాళ్లలో ప్రవాహం ఆగి, అక్కడి బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. అంటే తీసింది పావు వంతే అయినా ఫిల్టర్ దాదాపు మొత్తం పోయినట్టే. విడతలుగా తీస్తే క్షేమం అనే సూత్రం ఇక్కడ పనిచేయదు.

ముందు ఇంకో ఫిల్టర్ కొని, పలక ఫిల్టర్ నడుస్తుండగానే పక్కన నడపండి. స్పాంజి ఫిల్టర్ అయినా సరే. మీ రాళ్లలో పై వరసవి కొన్ని జాలి సంచిలో కట్టి కొత్త ఫిల్టర్‌లోనో, దాని నీరు పడే చోటో పెట్టండి. కనీసం నెల, వీలైతే నెలన్నర అలా నడవనివ్వండి. ఆ తర్వాతే రాళ్లు తీయండి.

పలక ఎత్తే రోజు గురించి ముందే హెచ్చరిస్తున్నాను. దాని కింద ఏళ్ల తరబడి దిగిన ముద్ద బురద ఉంటుంది. ఎత్తేముందు సన్న పైపును నిలువు గొట్టాల్లోకి దించి కింది బురదను లాగగలిగినంత లాగండి. పలక ఎత్తేటప్పుడు మాత్రం చేపలను వేరే తొట్టిలోకి మార్చడమే మేలు.

బుడగలగొట్టం
అడ్డదారి సంగతి నాకు తట్టనే లేదు. ముందు స్పాంజి ఫిల్టర్ పెడతాను. ధన్యవాదాలు.

ఆకుపచ్చతోట
మీసాలచేప గారి మొక్కల గురించి. జావా ఫెర్న్, అనూబియాస్‌లకు చింత లేదు, చెక్కతో సహా ఎత్తి బకెట్‌లో పెట్టండి. అవి అడుగు నుంచి కాక నీటి నుంచే తిండి తీసుకుంటాయి. క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ వేళ్లతో తినే మొక్కలు. వీటిని పట్టుకుని పైకి లాగారంటే వేళ్లతో పాటు అడుగు మురికి మొత్తం లేస్తుంది, దుబ్బు జానెడే అయినా సరే. దుబ్బు చుట్టూ కత్తెరను నిలువుగా దించి వేళ్లను కోయండి, మధ్యలో గుప్పెడు వేళ్ల ముద్ద ఉంచండి. ఆ ముద్దను నీటిలోనే చిన్న కుండీలోకి ఎక్కించండి. ఇసుక వేశాక మళ్లీ నాటి, వేళ్ల దగ్గర ఎరువు బిళ్ల గుచ్చండి, ఎందుకంటే కడిగిన ఇసుకలో వాటికి తిండి ఉండదు.

చోటు మారితే క్రిప్టోకొరైన్ ఆకులు కరిగిపోయి జిగురుగా అయిపోతాయి. చచ్చిందనుకుని పారేయకండి. కరిగిన ఆకులు తీసేసి వేరును వదిలేస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. ఆ ఆకులు ట్యాంకులోనే కుళ్లనిస్తే మాత్రం అమోనియా పెరుగుతుంది, ఇది గుర్తుంచుకోండి.

తడిచేతులు
చేతుల గురించి ఎవరూ చెప్పలేదు. చేతి మీద చిన్న గీత ఉన్నా మోచేతి దాకా వచ్చే గ్లౌజు వేసుకోండి. అక్వేరియం నీటిలో మైకోబాక్టీరియం మరీనమ్ అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. గాయం గుండా దిగితే వారాల తర్వాత ఆ చోట మానని గడ్డ లేస్తుంది, మందులు నెలల తరబడి వాడాలి. వైద్యుని దగ్గరికి వెళితే ఇంట్లో చేపల ట్యాంకు ఉందని చెప్పడం మరవకండి. సైఫన్‌ను నోటితో పీల్చి మొదలుపెట్టకండి, పైపును నీటిలో ముంచి నింపి కొస మూసి బయటికి తీస్తే చాలు.

ఇంకొకటి, చేయి నీటిలో పెట్టేముందు హీటర్ ప్లగ్గు తీయండి. నీటి మట్టం తగ్గి హీటర్ గాజు బయటపడితే పగిలే ప్రమాదం ఉంది.

మీసాలచేప
అందరికీ కృతజ్ఞతలు. పాతనీరు గారు చెప్పినట్టు రోజూ కొంచెం కొంచెంగా నీళ్లు మారుస్తూ వచ్చాను. పీహెచ్ మెట్టు మెట్టుగా ఎక్కి ఇప్పుడు 7.2 దగ్గర నిలిచింది. కేహెచ్ 3. అమోనియా మొదట్లో కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా తగ్గడం మొదలై సున్నాకు వచ్చింది. నైట్రేట్ 30. రాళ్లు ఇంకా కదపలేదు కానీ కోరిడోరస్‌లు అప్పుడే చురుగ్గా తిరుగుతున్నాయి. ఇప్పుడు రాళ్లు తీయవచ్చా? బరువు ఎంతుంటుందో తెలిస్తే బకెట్లు సిద్ధం చేసుకుంటాను.

పాతనీరు
సంతోషం. పీహెచ్ పెరగగానే బాక్టీరియా మళ్లీ పనిలో పడింది, అందుకే అమోనియా ఒక్కసారిగా తగ్గింది. ఇప్పుడు తీయవచ్చు.

లెక్క చూద్దాం. 90, 40, 6 సెంటీమీటర్లు గుణిస్తే 21.6 లీటర్ల రాళ్లు. లీటరు గులకరాళ్లు ఒకటిన్నర కిలోలకు కాస్త ఎక్కువే తూగుతాయి, అంటే 33 కిలోల పైచిలుకు. తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. బకెట్ సగానికి మించి నింపకండి, పిడి ఊడిపోతుంది. రాళ్ల మధ్య సందులు నూటికి 40 వంతులు అనుకుంటే, గట్టి రాయి భాగం 13 లీటర్లు. అంటే అన్నీ తీశాక నీటి మట్టం దాదాపు మూడున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది. ఫిల్టర్ పీల్చే గొట్టం, హీటర్ అప్పుడూ మునిగి ఉన్నాయో లేదో చూసుకోండి.

మీ ఫిల్టర్ ఇటీవలి దాకా నీరసంగా ఉంది కాబట్టి మూడు విడతల్లో తీయండి. రెండు విడతల మధ్య వారం గడువు ఉంచండి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితేనే తర్వాతి విడత. ఈ పని నడుస్తున్నన్నాళ్లూ ఫిల్టర్‌ను కడగకండి. ఇంటికి రెండు తలుపులుంటే రెండూ ఒకేసారి ఊడదీయం కదా. పని చేసేటప్పుడు ఫిల్టర్ ఆపాల్సి వస్తుంది, లేకపోతే ఇసుక రేణువులు లోపలి చక్రంలో ఇరుక్కుంటాయి. ఒక గంట పరవాలేదు. మూసిన క్యానిస్టర్‌ను గంటల తరబడి ఆపి ఉంచితే లోపలి ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చచ్చిపోతుంది. పని సాగేలా ఉంటే మూత తీసి, లోపలి స్పాంజిలను ట్యాంకు నీటి తొట్టిలో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఉంచండి.

మీసాలచేప
ముందు వైపు మూడో వంతు తీశాను. లావు పైపు పద్ధతి అద్భుతంగా పనిచేసింది, నీళ్లు మసకబారాయే కానీ బురద కాలేదు. ఒక మూలలో గాజును ఆనుకుని రాళ్లు నల్లగా ఉన్నాయి. పైపు అక్కడికి వెళ్లగానే బుడగలు లేచి కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. వెంటనే పైపు తీసేశాను. టెట్రాలు చెక్క వెనక దాక్కున్నాయి, మేత ముట్టలేదు. మర్నాడు అమోనియా 0.25 చూపింది. ఆ నల్ల రాళ్లను వదిలేయాలా, తీయాలా?

ఇసుకతిన్నె
వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ అందని చోట కుళ్లు నుంచి పుడుతుంది. చేపలకు విషమే, కానీ ఆక్సిజన్ బాగా ఉన్న నీటిలో త్వరగా విరిగిపోతుంది. వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కదలక తప్పదు కాబట్టి తీసేయండి. తీసే ముందు నుంచే ఎయిర్ స్టోన్ జోరుగా నడపండి, చేపలను అటు రాకుండా వలతో ఒక పక్కకు ఆపండి. పైపును రాళ్లలో కెలకకుండా నిలువుగా దించి, బుడగలు వచ్చినా ఆపకుండా ఆ చోటంతా ఒకే దెబ్బలో లాగేయండి. వాసన పైపులోకి, అక్కడి నుంచి బకెట్‌లోకి పోతుంది. ఆగి ఆగి చేస్తేనే ట్యాంకులో కలుస్తుంది.

పాతనీరు
0.25 అనుకున్నదే. ఇరవై శాతం నీళ్లు మార్చండి, ఒక రోజు మేత ఆపండి. ఇప్పుడు కేహెచ్ ఉంది కాబట్టి నీళ్లు మారిస్తే పీహెచ్ ఎగిరిపడదు. నైట్రైట్ కూడా రోజూ చూడండి, అమోనియా తర్వాత వంతు దానిదే. అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి.

మీసాలచేప
నైట్రైట్ లేశంగా కనిపించి పోయింది. మిగతా రెండు విడతలూ అయ్యాయి, నల్ల మూల కూడా. ఇప్పుడు అడుగు ఖాళీ, కింద నల్ల చార్టు ఉంది. ఇసుక వేయడానికి సూచనలు చెబుతారా?

ఇసుకతిన్నె
ముందు ఇసుక మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు, పీహెచ్‌ను నిరంతరం పెంచుతూ పోతుంది, మీ చేపలకు వద్దు. నురగ రాకపోతే బకెట్‌లో కొద్దికొద్దిగా వేసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఈ పనిలో విసుగు పుడుతుంది, ఇక్కడ ఓపిక పడితేనే తర్వాత ట్యాంకులో నీళ్లు పాలలా కావు.

పెద్ద రాళ్లు, చెక్క ముందు గాజు మీదే ఆనించండి. ఇసుక మీద పెడితే కోరిడోరస్‌లు కింద తవ్వి అవి ఒరుగుతాయి. ఫిల్టర్ ఆపి, తడి ఇసుకను మగ్గులో నింపి, మగ్గును అడుగు దాకా దించి మెల్లగా ఒంపండి. పైనుంచి కుమ్మరించకండి. మందం 3 సెంటీమీటర్లు చాలు, ఎక్కువైతే మళ్లీ నల్ల మూలలు తయారవుతాయి. మొక్కలున్న చోట మాత్రం ఇంకాస్త వేసుకోండి. పీల్చే గొట్టం ఇసుకకు బాగా పైన ఉండాలి. మసక సర్దుకున్నాక ఫిల్టర్ నడపండి.

పాత రాళ్లు గుప్పెడు జాలి సంచిలో కట్టి ఫిల్టర్ నీరు పడే చోట నెల రోజులు ఉంచితే అదనపు ధైర్యం.

ఆకుపచ్చతోట
మిగతా పాత రాళ్లను చెరువులో, కాలువలో పారబోయకండి. వాటిలో నత్తల గుడ్లు, మొక్కల ముక్కలు ఉంటాయి. అవి అక్కడి నీటిలో స్థిరపడితే స్థానిక జీవాలకు ఎసరు. ఎండలో బాగా ఎండబెట్టి పూలకుండీల అడుగున వేసుకోండి, నీరు చక్కగా దిగుతుంది.

మీసాలచేప
ఇసుక వేశాను. మర్నాటికి నీళ్లు తేటపడ్డాయి. అమోనియా, నైట్రైట్ సున్నా, పీహెచ్ 7.3. కోరిడోరస్‌లు కళ్ల దాకా ఇసుకలో ముంచి, మొప్పల పక్క నుంచి సన్నటి ధారగా ఇసుక వదులుతుంటే కదలబుద్ధి కావడం లేదు. ఒకదాని మీసం కొసన తెల్లటి కొత్త భాగం కనిపిస్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. నాచు గీకే అయస్కాంతం వాడవచ్చా? ఫిల్టర్ ప్రవాహం కాస్త తగ్గింది, ఎప్పుడు కడగాలి?

గాజుగోడ
అయస్కాంతాన్ని ఇసుకకు రెండు వేళ్ల ఎత్తులోనే ఆపండి. ఒక్క రేణువు మధ్యలో చిక్కినా గాజు మీద గీత శాశ్వతం. అడుగు అంచును పాత ఏటీఎం కార్డులాంటి ప్లాస్టిక్ ముక్కతో గీకండి, సిలికాన్ అతుకులను తాకకుండా.

పాతనీరు
ఇసుక వేసి నెల నిండాక కడగండి, అంతకు ముందు వద్దు. సగం స్పాంజిలు మాత్రమే, అదీ నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంకు నీటిలో పిండండి. కుళాయి కింద పెట్టకండి, క్లోరిన్ వాటిలోని బాక్టీరియాను చంపుతుంది. మిగతా సగం ఇంకో రెండు వారాలకు. జాలి సంచిలోని పాత రాళ్లను ఆ రెండో సగం కూడా కడిగాక తీసేయండి. నీళ్లు మాత్రం ఇకపై వారం వారం మారుస్తూ, నెలకొకసారి కేహెచ్ చూసుకుంటూ ఉండండి.